బుల్లెట్టు ముంగాళ్ళు

పాత బుల్లెట్టు ఇంట్లో ఉన్నవాళ్ళారా, కాస్త ఇలా దగ్గరికి జరగండి. లేనివాళ్ళు కూడా లేచిపోనక్కర్లేదు. మీ బాబాయిదో మేనమామదో ఒకటి ఏ పాకలోనో గోనెపట్టా కప్పుకుని ఉండే ఉంటుంది. రేపో మాపో "తీసుకుపోరా, నువ్వైతే బాగా చూసుకుంటావు" అని తాళం మీ చేతిలో పెడతారు. అప్పుడు పనికొస్తాయి ఈ కబుర్లు.

ఒక్క సంగతి అడుగుతాను. అలా చేతికొచ్చిన బండిని బాగుచేయిద్దామనుకున్నప్పుడు మొట్టమొదట ఎవరి దగ్గరికి వెళతారు? చాలామంది పెయింటరు దగ్గరికే వెళతారు. ట్యాంకు మీద బంగారు గీత, మడ్‌గార్డుకి నల్లటి నిగనిగ, సైలెన్సరుకి కొత్త క్రోము. ఆ తర్వాత ఇంజను. పిస్టను, బోరు, ఆ డుగుడుగు సరిగ్గా పలుకుతోందా లేదా అన్న బెంగ. ఆ చప్పుడంటే నాకూ ప్రాణమే, కాదనను. కానీ ముందు చక్రం పట్టుకుని ఊపి చూసేవాళ్ళు ఎంతమంది? హ్యాండిలు కిందున్న రెండు ఫోర్కు కాళ్ళు, వాటిని ఛాసీ మెడకి కలిపే గుప్పెడు ఉక్కు బాల్స్. బండి మీరు అనుకున్న వైపు పోవాలన్నా, బ్రేకు పట్టినప్పుడు తిన్నగా నిలబడాలన్నా అంతా వీటి చలవే. ముంగాళ్ళు కుంటుతున్న బండి ఎంత అందంగా ఉన్నా నడపదగ్గ బండి కాదు. నేను ఈ మాట మీద గట్టిగా నిలబడతాను.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. బండిని సెంటర్ స్టాండు మీద ఎక్కించండి. ఇంజను కింద చెక్క దిమ్మ ఒకటి దోపి ముందు చక్రాన్ని నేల నుంచి లేపండి. ఇప్పుడు హ్యాండిల్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మెల్లగా, చాలా మెల్లగా, ఎడమ నుంచి కుడికి తిప్పండి. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి "టిక్" మని చిన్న పట్టు తగిలిందా? తగిలితే కోన్‌సెట్టు, అంటే ఆ బాల్స్, అవి కూచునే ఉక్కు కప్పులు, అయిపోయినట్టే. తర్వాత బండి ముందు గొంతుక్కూచుని, ఫోర్కు కాళ్ళని కింద, ఇరుసు దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ గుంజండి. ఎక్కడో "టక్ టక్" మంటే అది రెండుచోట్ల నుంచి రావచ్చు. ఛాసీ మెడకీ, రెండు కాళ్ళనీ కలిపి పట్టే కింది టీకీ మధ్య సందులో ఒకరిని వేలు పెట్టి చూడమనండి. కదలిక అక్కడ తెలిస్తే స్టీరింగు బేరింగు వదులు. అక్కడ కాక, పైగొట్టం కిందిగొట్టంలోకి దూరే చోట తెలిస్తే ఫోర్కు బుష్షులు అరిగాయి. ఈ తేడా పట్టుకోకుండా కోన్‌సెట్టు మీద కోన్‌సెట్టు మార్పించుకుని, అయినా టక్ టక్ పోలేదని మెకానిక్కుని తిట్టుకునేవాళ్ళు ఉన్నారు.

ఆ మధ్య పట్టు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నాకు ఎంతో ఇష్టమైన విషయం అది. చక్రం బేరింగు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి గ్రీజు అన్నివైపులా పాకుతుంది, దెబ్బలు ఒకేచోట పడవు. స్టీరింగు బేరింగుకి ఆ భాగ్యం లేదు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కదా, దాంతో బాల్స్ ఎప్పుడూ అవే చోట్ల కూచుని ఉంటాయి. ప్రతి గుంటా, ప్రతి స్పీడు బ్రేకరూ ఆ బాల్స్‌ని అవే చోట్ల కప్పులోకి గుద్దుతుంది. గ్రీజు పక్కలకి తోసుకుపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. ఏళ్ళు గడిచేసరికి ప్రతి బాల్ కిందా ఒక చిన్న గుంట. హ్యాండిలు మధ్యకి రాగానే బాల్స్ అన్నీ ఒక్కసారిగా తమ తమ గుంటల్లో కూలబడతాయి. మీ వేళ్ళకి తెలిసే "టిక్" అదే.

దాని వల్ల నష్టమేమిటంటారా? రెండు చక్రాల బండి తనంతట తాను నిలబడేది కాదు. మనకి తెలియకుండానే మన చేతులు, మన నడుము, ముందు చక్రం కలిసి క్షణక్షణం చిన్న చిన్న దిద్దుబాట్లు చేస్తుంటాయి. ఫోర్కు వాలుని గీతలా కిందికి పొడిగిస్తే అది టైరు నేలని తాకే చోటు కంటే కాస్త ముందు పడుతుంది. అందుకే పోతున్న బండిలో చక్రం తనకు తానే తిన్నబడుతుంది. ఆ తిన్నబడటం సాఫీగా జరగాలంటే బేరింగు అడ్డం పడకూడదు. మధ్యలో గుంట ఉందంటే ఆ చిన్న దిద్దుబాటు ముందు ఆగిపోతుంది, తర్వాత మోతాదు మించి జరుగుతుంది. బండి తాగినవాడిలా కాస్త ఇటూ కాస్త అటూ పోతుంది. పాపం, నడిపేవాడు టైరు మారుస్తాడు, రిమ్ము బెండు తీయిస్తాడు, ఛాసీ వంకరేమోనని దిగులుపడతాడు. దోషం ఈ గుంటల్లో ఉంటుంది.

ఇక ఫోర్కు. 1930ల తొలినాళ్ళ దాకా మోటారుసైకిళ్ళకి ముందు ఎక్కువగా గర్డరు ఫోర్కులే ఉండేవి: ఇనప కమ్మీల చట్రం, మధ్యలో ఒక స్ప్రింగు. డెన్మార్కు బండి నింబస్‌కి 1934లో గొట్టంలో గొట్టం జారే టెలిస్కోపిక్ ఫోర్కు వచ్చింది గాని అందులో నూనె అదుపు లేదు. మరుసటేడే, 1935లో, బీఎండబ్ల్యూ ఆర్12, ఆర్17లకి నూనెతో అదుపు చేసే ఫోర్కు పెట్టింది. 1941లో మ్యాచ్‌లెస్ వాళ్ళు తమ జీ3ఎల్ సైనిక బండికి అలాంటిదే బిగించారు. యుద్ధం అయ్యాక ఇంగ్లండంతా అదే బాట పట్టింది. రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1949లో తెచ్చిన కొత్త బుల్లెట్టుకి ముందు టెలిస్కోపిక్ ఫోర్కు, వెనక స్వింగార్మ్. మన దేశంలో 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మద్రాసు ఉత్తరాన తిరువొత్తియూరులో, మొదట్లో రెడ్డిచ్ నుంచి వచ్చిన విడిభాగాలు బిగిస్తూ బుల్లెట్టు మొదలైంది. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. మనవాళ్ళు మాత్రం ఆ బండిని దశాబ్దాల తరబడి చేస్తూనే వచ్చారు. మనకి అందులో మేలే జరిగింది. ఇంత పాత బండికి ఇంత తేలిగ్గా సామాను దొరికే దేశం మరొకటి నాకు తెలియదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అడగండి, సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగు షాపుల్లో అడగండి, చెన్నై పుదుప్పేట పాత సామాన్లలో వెతకండి. ఏదో ఒక చోట దొరుకుతుంది. మైసూరు జావా, యెజ్డీ ఉన్నవాళ్ళు కూడా ఈ కబుర్లు వినొచ్చు, సూత్రం అదే.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు. ఫోర్కు విప్పుతుంటే కుర్రాడెవరైనా పానా మీద బలమంతా పెట్టాడో, "ఆగరా అబ్బాయ్, అది రావట్లేదంటే ఎందుకు రావట్లేదో చూడు ముందు" అంటారు. పాత బుల్లెట్టు విషయంలో ఈ మాట అక్షరాలా పాటించాలి. కారణం మరలు. పాత బండ్లలో నట్లు, బోల్టులు ఇంగ్లీషు కొలతలవి. బీఎస్ఎఫ్ మరలు, సన్నటి సైకిల్ మరలు. మిల్లీమీటరు పానా వేస్తే సరిపోయినట్టే అనిపిస్తుంది, గట్టిగా తిప్పగానే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. ముందు వాటికి సరిపడే విట్‌వర్త్ పానాల సెట్టు ఒకటి సంపాదించుకుని పనికి దిగండి. ఇంకో సంగతి. హెడ్‌లైటు, స్పీడోమీటరు, అమ్మీటరు అన్నీ ఒకచోట ఇముడ్చుకున్న ఆ అల్యూమినియం పోత ఉంది చూడండి, ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 1954 నుంచి కాస్కెట్ అని పిలుస్తున్నది, ఫోర్కు మెయిన్ ట్యూబులు పైన అందులోకే మర కట్టుకుని ఉంటాయి. కింద టీ దగ్గర క్లాంపు బోల్టు వదులు చేసి, ట్యూబుని తిప్పి విప్పాలి. తెలియక కిందికి కొట్టి లాగితే అల్యూమినియం మరలు ఊడిపోతాయి. కాస్కెట్ ఒకటి పోయిందంటే ఎంత వెతుకులాటో, ఒకసారి వెతికినవాళ్ళని అడగండి.

నూనె వంపినప్పుడు దాన్ని పారబోసెయ్యకండి, తెల్ల గిన్నెలోకి పట్టి చూడండి. బూడిదరంగులో పాలలా ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి. నల్లగా ఉండి ఎండలో తళుకుమంటుంటే బుష్షుల లోహం అరిగి అందులో కలిసింది. ఈ కాళ్ళలో స్ప్రింగు పని వేరు, నూనె పని వేరు. స్ప్రింగు దెబ్బని మింగుతుంది. మింగినదాన్ని అంతే విసురుగా వెనక్కి కక్కకుండా ఆపేది నూనె. అది సన్నటి దారుల్లోంచి దూరిపోవాల్సి రావడం వల్ల ఆ కదలిక నెమ్మదిస్తుంది. నూనె లేని ఫోర్కు గుంటలో పడ్డాక రెండు మూడుసార్లు ఎగిరిపడుతుంది. ఆ ఎగిరినంతసేపూ టైరు నేలని సరిగ్గా పట్టి ఉండదు, బ్రేకు వేసినా ఫలితం ఉండదు. సీలు కారి ఆ నూనె బ్రేకు డ్రమ్ములోకి దిగిందంటే ఇక ముందు బ్రేకు లేనట్టే.

ట్యూబులు తిన్నగా ఉన్నాయో లేదో కంటితో తేలదు. మందపాటి టేబులు అద్దం మీద దొర్లించండి. ట్యూబు కిందనుంచి వెలుతురు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతుంటే వంగినట్టు. అనుమానం ఉంటే లేత్ షాపులో వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో చూపించుకోవాలి. ఎదురుగా గుద్దుకున్న బళ్ళలో వంపు సాధారణంగా కింది టీకి కాస్త దిగువన ఉంటుంది. కొద్దిపాటి వంపైతే ప్రెస్సు మీద తీయొచ్చు. ట్యూబు ఎక్కడైనా నలిగి ముడత పడిందా, దాన్ని సరిచేయిస్తామన్నవాళ్ళ మాట వినకండి, పారేయండి. నలిగిన చోట లోహం బలం పోయి ఉంటుంది, అది ఏ రోజు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

పాత బుల్లెట్టులో పైగొట్టాల మీద రేకు కవర్లుంటాయి. చూడ్డానికి ఎంతో హుందాగా ఉంటాయి గాని, తుప్పు వాటి కింద దాక్కుంటుంది. సీలు రాసుకునే భాగంలో తుప్పు గుంటలు పడితే కొత్త సీలు వేసినా ఎక్కువ కాలం నిలవదు, ఆ గరుకు దాని పెదవిని తినేస్తుంది. అలాంటి ట్యూబుని గ్రైండింగు చేయించి హార్డ్ క్రోము ఎక్కించి మళ్ళీ సైజుకి తెప్పించాలి. హైదరాబాదు బాలానగర్ వైపు, ఆటోనగర్‌లో ఈ పని తెలిసినవాళ్ళు దొరుకుతారు. మెరుపు కోసం వేసే మామూలు క్రోము ఇక్కడ పనికిరాదు. గట్టిగా చెప్పి మరీ చేయించుకోండి.

సీలు వేసేటప్పుడు మూడు సంగతులు మనసులో పెట్టుకోండి. స్ప్రింగు ఉన్న పెదవి నూనె వైపు, అంటే కిందికి ఉండాలి. ట్యూబు చివర మరల మీద ప్లాస్టర్ టేపు చుట్టి, నూనె రాసి అప్పుడు సీలు ఎక్కించాలి, లేకపోతే పెదవి చీరుకుపోతుంది. సీలుని సుత్తితో కొట్టకుండా, దాని బయటి అంచుకి సరిపడే పైపు ముక్క ఆనించి సమంగా దించాలి. స్ప్రింగులు రెండూ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకటి పొట్టిగా ఉంటే రెండూ మార్చండి. సీళ్ళు, బుష్షులు, స్ప్రింగులు ఏవైనా సరే జతగానే. నూనె మాన్యువల్లో చెప్పిన గ్రేడు, చెప్పిన కొలత. మందుల షాపు సిరంజితో కొలిచి రెండు కాళ్ళకీ సమానంగా పోయండి. కొన్నిచోట్ల మిగిలిన ఇంజనాయిలు ఉజ్జాయింపుగా వంపేస్తారు. ఆ అలవాటు నాకు గిట్టదు. ఒక కాలిలో ఎక్కువ, ఒక కాలిలో తక్కువ ఉన్న ఫోర్కు ఎప్పటికీ కుదురుగా పనిచేయదు.

ఇక బాల్స్ దగ్గరికి వద్దాం. కింది టీ దించే ముందు కింద పాత దుప్పటి ఒకటి పరవండి. వరస వదలగానే బాల్స్ జలజలా రాలతాయి. పాత బుల్లెట్టుకి పావు అంగుళం బాల్స్, పైన 19, కింద 19, మొత్తం 38. రాలినవి లెక్కపెట్టండి. తక్కువున్నాయంటే అంతకుముందు విప్పినవాళ్ళు పోగొట్టి ఉన్నవాటితోనే సరిపెట్టారన్నమాట. మీకు దొరికిన బాల్స్ బాగానే ఉన్నట్టు కనిపించినా మళ్ళీ వాడకండి. పాతవీ కొత్తవీ కలిపితే సైజులో వెంట్రుకవాసి తేడా చాలు, బరువంతా పెద్దవాటి మీదే పడుతుంది.

పాత కప్పులు తీయడానికి ఛాసీ మెడలో పై నుంచి పొడవాటి కమ్మీ దోపి, కింది కప్పు అంచుని ఒకసారి ఇటు, ఒకసారి అటు తడుతూ దించాలి. కమ్మీకి అంచు దొరకని మొండి కప్పైతే మంచి వెల్డరు చేత లోపలి వైపు చుట్టూ ఒక సన్న వెల్డింగు గీత పెట్టించండి. అది చల్లారుతూ ముడుచుకుంటుంది, దాంతో పాటు కప్పు కూడా ముడుచుకుని తేలిగ్గా ఊడొస్తుంది. నాకు ఈ పని చూడటం ఎంతో సంతోషం. కొత్త కప్పుల్ని ఒక రాత్రి ఫ్రిజ్ ఫ్రీజరులో పెట్టండి, చల్లదనానికి కాస్త కుదించుకుంటాయి. పొడవాటి మరల రాడ్డు, రెండు మందపాటి వాషర్లు, రెండు నట్లతో మెల్లగా లోపలికి లాగితే వంకర పోకుండా కూచుంటాయి. సుత్తే వాడవలసి వస్తే చప్పుడు వినండి. కప్పు అడుగు తగలగానే మోగే తీరు మారుతుంది. కొనేముందు ఇంకొక పరీక్ష. కప్పు అంచు మీద ఆకురాయి ఒక్కసారి గీసి చూడండి. జారిపోతే గట్టి ఉక్కు. కొరుక్కుంటే మెత్తటి నకిలీ, వెంటనే తిరిగి ఇచ్చేయండి. బాల్స్ కూడా బేరింగు షాపులో అమ్మే క్రోమ్ స్టీలువే తీసుకోండి.

టేపర్ రోలరు వేయించుకోమని చాలామంది సలహా ఇస్తారు. హెన్రీ టిమ్‌కెన్ 1898లోనే పేటెంటు తీసుకున్న మంచి వస్తువది. ఒక్క బిందువు మీద కాక ఒక గీత పొడవునా బరువు మోస్తుంది, కాబట్టి అంత త్వరగా గుంటలు పడవు. రోజూ తిరిగే బండికి, లగేజీతో దూరాలు పోయేవాళ్ళకి వేయించుకుంటే తప్పు లేదు. మందం కుదురుతుందో లేదో చూసుకోవాలి, అంతే. అయితే మంచి కప్పులు, మంచి బాల్స్, పుష్కలంగా లిథియం గ్రీజు పెట్టి సరిగ్గా బిగిస్తే, బుల్లెట్టు పోయే వేగానికి కంపెనీ పద్ధతి చాలు. నా ఓటు దానికే.

బిగించడమే అసలు నేర్పు. ముందు క్లచ్చు, బ్రేకు, స్పీడోమీటరు కేబుళ్ళు విప్పేయండి, అవి లాగుతుంటే మీ చేతికి నిజం తెలియదు. పై నట్టుని బాల్స్ కుదురుకునేదాకా బిగించి, కొంచెం వదలండి. మధ్యలో ఉన్న హ్యాండిల్ని వేలితో కాస్త తోస్తే తన బరువుకి తానే పక్కకి పడిపోవాలి. అదే సమయంలో కాళ్ళు గుంజితే టక్కుమనకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదిరాయంటే సరిగ్గా వచ్చినట్టు. క్లాంపు బోల్టు బిగించాక మళ్ళీ చూడండి, ఆ బిగింపుకి ముందు కుదిరింది మారుతుంది. ఇరుసు బిగించేటప్పుడు కూడా తొందర వద్దు. ముందు కాళ్ళ క్లాంపులు వదులుగా ఉంచి, బండిని నేల మీదికి దించి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిలు మీద బరువేసి నాలుగైదుసార్లు కిందికి నొక్కండి. రెండు కాళ్ళూ ఒకదానికొకటి సమాంతరంగా తమంతట తాము కుదురుకుంటాయి. అప్పుడు కిందనుంచి పైకి బిగించుకుంటూ రండి. ఈ ఒక్క పని చేయకపోతే కొత్త బుష్షులు, కొత్త సీళ్ళు ఉన్నా ఫోర్కు పట్టేసినట్టు జారుతుంది.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కొత్త కప్పులు సర్దుకుంటాయి, కాస్త వదులు వస్తుంది. మళ్ళీ ఒకసారి సరిచేయండి. ఆ తర్వాత ఏటా ఒకసారి చక్రం లేపి చూసుకుంటే చాలు.

అందుకే మిమ్మల్ని కోరేది ఒక్కటే. పెయింటరుకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ డబ్బులో కొంత ముంగాళ్ళకి పక్కన పెట్టండి. పెయింటు తర్వాతైనా వేయించుకోవచ్చు. రేపు పొద్దున్నే బండిని స్టాండు మీద ఎక్కించి, చక్రం లేపి, హ్యాండిల్ని రెండు వేళ్ళతో తిప్పి చూడండి. మధ్యలో పట్టు తగిలితే, కోన్‌సెట్టు మార్పించేదాకా ఆ బండిని రోడ్డు మీదికి తీయకండి.